పదకొండు పెట్టెలు

ట్రుగనీనా,
ఫిబ్రవరి 9

వదినా,

ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో! కవరు మీద స్టాంపు ఎటువైపు అంటించాలో కూడా కాసేపు తడుముకున్నాను. "ఫోన్ చేయకు, నా చెవులకి సరిపడటం లేదు, ఏమైనా ఉంటే ఉత్తరం రాయి" అని నువ్వు మెసేజ్ పెట్టావు కదా, అందుకే ఈ తిప్పలు. చెవులకి కష్టమైతే మెసేజ్‌లు చదువుకోవచ్చుగా అంటే, అసలు ఫోనే ముట్టుకోనంటావు. పెళ్ళయి నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు నుంచి నీ మాట కాదన్నదెప్పుడు?

అన్నయ్య పుస్తకాలు చేరాయి. మీ వీధి హేమచంద్ర గారు కాన్‌బెర్రా నుంచి వస్తూ తన వ్యాన్‌లో తెచ్చి, శనివారం మా షెడ్డులో దింపి వెళ్ళారట. పదకొండు అరటిపళ్ళ పెట్టెలు. నేను ఇంకా చూడలేదు. మంగళవారం నా వంతు, ఆ రోజు నా చేత్తోనే విప్పుతాను.

మా షెడ్డు సంగతి నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. గిడ్డంగుల మధ్య ఒక పెద్ద రేకుల షెడ్డు. ఎండాకాలం పెనం, చలికాలం ఐసు పెట్టె. జనం ఇచ్చిన పుస్తకాలు ఏరి, తుడిచి, పుస్తకాలు లేని బడులకీ, శరణాలయాలకీ, ఆసుపత్రులకీ పంపుతాం. ఇరవై రెండేళ్ళు ల్యాబ్‌లో స్లైడ్లు చూసినదాన్ని కదా, నాకు బూజు పరీక్ష అప్పజెప్పారు. ఒక్క పుస్తకానికి బూజు మచ్చ కనిపించినా పెట్టె మొత్తం స్కిప్‌లో వేయాల్సిందే. స్కిప్ అంటే గేటు దగ్గర పెట్టిన ఇనప చెత్తతొట్టి. జాలిపడి ఒక్కదాన్ని ఉంచితే పక్కన వంద పాడవుతాయి. ఆ నియమం రాసి గోడకి అంటించింది నేనే. మా డెనీస్ నన్ను 'డాక్టర్ మోల్డ్', అంటే బూజు డాక్టరు, అంటుంది. నాతో పాటు మంగళవారాలు పనిచేసే ఆవిడ, రిటైరైన బస్సు డ్రైవరు. నోరు పెద్దది, మనసు వెన్న.

ఒక్కటి మాత్రం అడుగుతాను, కోప్పడకు. నిజంగా అన్నయ్యే ఇచ్చేయమన్నాడా? ఎవరికైనా పుస్తకం అరువిస్తే మూడో రోజు పొద్దున్నే వాళ్ళ గుమ్మంలో నిలబడే మనిషి. నమ్మబుద్ధి కావడం లేదు.

ఉదయ


గంగాలిన్,
ఫిబ్రవరి 24

చిరంజీవి ఉదయకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అక్షరాలు అప్పటిలాగే కోడి కెలికినట్టున్నాయి. అయినా చదువుకున్నాను.

మీ అన్నయ్య బాగున్నారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి ఎంత బాగుండగలరో అంత బాగున్నారు. సాయంత్రం చెరువు చుట్టూ నడక, తర్వాత టీవీ. పుస్తకాలు ఇచ్చేయమన్నది ఆయనే. కళ్ళు లాగుతున్నాయని చాలాకాలంగా ముట్టుకోవడం లేదు. "ఉదయ దగ్గరకి పంపు, అది చూసుకుంటుంది" అన్నారు. మేము చిన్న ఇంటికి మారదామని అనుకుంటున్నాం. అక్కడ అన్ని పుస్తకాలు ఎక్కడ పెడతాం చెప్పు.

వాటిలో నేను చదివినవి పదికి మించవు. నా దృష్టిలో అవి దుమ్ము దులపాల్సిన వస్తువులు. కానీ ఆయన పెన్సిలు పట్టుకుని పేజీ అంచుల్లో రాసుకుంటూ, నవ్వుకుంటూ, పైకి చదువుతూ ఉంటే వంటింట్లోకి వినిపించేది. నలభై ఏళ్ళు విన్నాను. ఇప్పుడు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

ఎవరెవరు తీసుకున్నారో రాస్తూ ఉండు. మన భాష చదివేవాళ్ళ చేతుల్లో పడితే చాలు.

వదిన
లలితకుమారి


ట్రుగనీనా,
మార్చి 16

వదినా,

ఆలస్యమైంది, తిట్టుకోకు. స్కూళ్ళ పెట్టెలతో ఊపిరాడలేదు.

అన్నయ్య పుస్తకాలు మంచి చేతుల్లో పడ్డాయి. క్లైడ్ నార్త్‌లో కొత్త ఇల్లు కట్టుకున్న జంట ఒకరు వచ్చి నవలలన్నీ పట్టుకెళ్ళారు. ఇక్కడి యూనివర్సిటీలో చదివే పిల్లలు కొన్ని తీసుకున్నారు. వ్యాసాల పుస్తకాలు ఒక డాక్టరు గారు తీసుకున్నారు. అన్నయ్య అంచుల్లో రాసినవి చదివి "ఎవరండీ ఈయన, ఎంత బాగా వాదించారు!" అన్నారు. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. షెడ్డు కప్పు రెండు చోట్ల కారుతోంది. నా మోకాలు నొప్పి మామూలే. ఇంతకంటే విశేషాలు లేవు.

అన్నయ్యను అడిగానని చెప్పు.

ఉదయ


గంగాలిన్,
ఏప్రిల్ 20

ఉదయా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. అబద్ధం ఆడినప్పుడు ఒక్క పూటలో రాశాను. నిజం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

మీ అన్నయ్య ఇంట్లో లేరు. జనవరి పదమూడున ఏజ్డ్ కేర్ హోమ్‌లో చేర్పించాం. మతిమరుపు అని నీకు తెలుసు. ఎంతవరకు వచ్చిందో నీకు తెలియనివ్వలేదు. స్టవ్ వెలిగించి మర్చిపోయేవారు. నన్ను "మీరెవరి తాలూకు?" అని మర్యాదగా అడిగేవారు. ఒకసారి చెరువు దగ్గర దారి తప్పితే ట్రామ్ స్టాపులో దొరికారు. మన విష్ణు పెర్త్ నుంచి వచ్చి, "అమ్మా, ఇంక యు కాంట్ మేనేజ్" అని సంతకాలు పెట్టించాడు. ఫోన్ వద్దన్నది చెవుల వల్ల కాదు. నీ గొంతు వింటే నేను ఏడుస్తాను, ఏడిస్తే చెప్పేస్తాను. అందుకని.

పుస్తకాలు ఆయన ఇవ్వమనలేదు. ఆయన అటు వెళ్ళిన పదిహేను రోజులకి నేనే పెట్టెల్లో సర్దేశాను. ఆ అలమరాల ముందు నుంచి నడవలేకపోయాను ఉదయా. ఇంక చదవరు కదా అనుకున్నాను.

అక్కడే పొరపాటు పడ్డాను. మార్చిలో ఆయనకి ఇంగ్లీషు పూర్తిగా పోయింది. ముప్పై ఏళ్ళు గవర్నమెంటు ఆఫీసులో ఆ భాషలో రిపోర్టులు రాసిన మనిషికి ఇప్పుడు 'వాటర్' అంటే ఏమిటో తెలియడం లేదు. నర్సులు ఏమన్నా కోపం, భయం. ఒకమ్మాయిని తోసేశారు కూడా. ఇలాగే ఉంటే తాళం వేసి ఉంచే వార్డుకి మార్చి, మగతగా ఉండే మందులు పెంచుతామన్నారు.

అక్కడ భానుశ్రీ అని కరీంనగర్ పిల్ల ఉంది. నర్సింగ్ చదువుకుంటూ అక్కడ పని చేస్తోంది. పోయిన వారం నేను వెళ్ళగానే పరిగెత్తుకొచ్చింది. "ఆంటీ, అంకుల్ నా పచ్చడి ప్యాకెట్ మీద రాసిందంతా చదివిండు తెలుసా! త్రీ టైమ్స్ చదివిండు. ఆ రోజు మొత్తం మస్తు కామ్‌గ ఉన్నడు. ఇంట్ల తెలుగు బుక్స్ ఏమన్న ఉంటె తీస్కరండి, ప్లీజ్" అంది. ఇంట్లో తెలుగు పుస్తకం ఒక్కటి లేదు ఉదయా. పంచాంగం కూడా ఆ పెట్టెల్లోనే సర్దేశాను.

నిన్న నా చెయ్యి పట్టుకుని, "నా పుస్తకాలేవండీ?" అన్నారు. నేనెవరో తెలియదు. పుస్తకాలు మాత్రం గుర్తున్నాయి.

నువ్వు ఇచ్చినవాళ్ళని అడిగి నాలుగైదైనా వెనక్కి తెప్పించు. ఆ క్లైడ్ నార్త్ వాళ్ళని, ఆ డాక్టరు గారిని నా మాటగా బతిమాలు. ఆయన రాతలు ఉన్నవి దొరికితే మరీ మంచిది. వార్డు మార్చే సంగతి జూలై మొదట్లో తేలుస్తారు. ఈలోగా ఆయన కాస్త కుదుటపడాలి. నా దగ్గర వేరే దారి లేదు.

లలిత


ట్రుగనీనా,
ఏప్రిల్ 28

వదినా,

క్లైడ్ నార్త్ జంట లేరు. డాక్టరు గారు లేరు. అదంతా నేను అల్లిన కథ. పుస్తకాలు లేవు వదినా. పదకొండు పెట్టెల్లో ఒక్కటి కూడా మిగల్లేదు.

ఎలా జరిగిందో దాచకుండా రాస్తాను. ఫిబ్రవరిలో ఆ మంగళవారం నేను షెడ్డుకి వెళ్ళేసరికి స్కూళ్ళ పెట్టెలు నా నెత్తిన పడ్డాయి. హేమచంద్ర గారు దింపిన పెట్టెల మీద పేరు లేదు. మిగతావాటితో కలిసిపోయాయి. అన్నయ్యవి తర్వాత తీరిగ్గా చూసుకుందాం, సొంతవాళ్ళవి ముందు చూస్తే బాగోదు అనుకున్నాను. అదొక గొప్ప నాకు. పదిన్నరకి డెనీస్ అవతలి బల్ల దగ్గర నుంచి అరిచింది. "ఉదయా లవ్, దిస్ లాట్ హ్యాజ్ గాట్ స్పాట్స్! మొదటి పేజీ, ఫోర్ కార్నర్స్, ప్రతి పుస్తకానికీ మచ్చలున్నాయి" అన్న అర్థంలో ఏదో అంది. నేను తల తిప్పలేదు. చేతిలో టేపు ఉంది. "ప్రతి పుస్తకానికీనా? అయితే మొత్తం స్కిప్పే" అన్నాను. ఏ భాషో అడగలేదు. లేచి పాతిక అడుగులు నడవలేదు. నేను రాసిన నియమమే కదా, నేనే తీర్పు చెప్పాను.

మధ్యాహ్నం టీ తాగి, "మా అన్నయ్య పెట్టెలు పదకొండు రావాలి, చూశావా?" అన్నాను. డెనీస్ ముఖం పాలిపోయింది. లారీ అప్పటికే వచ్చి స్కిప్ ఎత్తుకెళ్ళిపోయింది. కాగితం నలగ్గొట్టే చోటికి కారేసుకుని వెళ్ళాను. కంచె అవతల తడిసి ముద్దయిన కాగితం కొండంత ఉంది. ఇందులో మీవి ఏవమ్మా అన్నాడు అక్కడి మనిషి.

షెడ్డుకి తిరిగొచ్చి చూస్తే ట్రాలీ చక్రం కింద ఒక అట్ట మాత్రం మిగిలింది, మొదటి పేజీతో సహా. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. బూజు కాదు వదినా. పసుపు. నాలుగు మూలలా వేలితో అద్దిన పసుపు, ఏళ్ళు గడిచి గోధుమరంగుకి తిరిగింది. మనింట్లో కొత్త పుస్తకం వస్తే మూలలకి పసుపు పెట్టకుండా ఎవరూ తెరవలేదు. నాకు తెలియనిదా! చూసి ఉంటే చిన్నపిల్లకి కూడా తెలిసేది. నేను చూడలేదు, అంతే.

డెనీస్ ఏడ్చింది. దాని తప్పేముంది పాపం. గోడ మీద కాగితం చింపేసి ఇంటికొచ్చాను. మళ్ళీ షెడ్డుకి వెళ్ళలేదు.

నీకు అబద్ధం ఎందుకు రాశానంటే, అన్నయ్య చదువుతాడనుకున్నాను ఆ ఉత్తరం. ఆయనకి చెప్పే ధైర్యం లేకపోయింది.

అట్ట ఈ కవర్లో పెడుతున్నాను. నన్ను తిట్టు. ఏమన్నా పడతాను.

ఉదయ


గంగాలిన్,
మే 9

ఉదయా,

తిట్టడానికి ఓపిక లేదు.

ఆ పసుపు నేను పెట్టినదే. ఏటా దసరాకి పాతవి, కొత్తవి అన్నీ దించి మూలలకి అద్దేదాన్ని. "పుస్తకాలకి నలుగు పెడుతున్నావేమిటే" అని ఆయన ఎగతాళి చేసేవారు. చదవకుండా పూజించే భక్తి నాది. నేను పంపాను, నేను మచ్చ పెట్టాను, నువ్వు పారేశావు. ఆయన ఒక్కరే ఏ తప్పూ చేయలేదు.

కానీ ఒకటి చెబుతాను. నేను అబద్ధం ఆడింది నీ మనసు కష్టపెట్టకూడదని. నువ్వు ఆడింది నిన్ను నువ్వు కాపాడుకోవడానికి. రెండూ ఒకటి కావు. మార్చిలో నిజం రాసి ఉంటే నెల ముందే ఎవరినో అడుక్కుని ఉండేదాన్ని.

అట్ట ఆయనకి చూపించలేదు. కొన్నాళ్ళు రాయకు.

లలిత


ట్రుగనీనా,
మే 31

వదినా,

రాయకన్నావు. అయినా రాస్తున్నాను. చదవకపోయినా పార్సిల్ మాత్రం విప్పు.

మూడు వారాలుగా ఇంటింటికీ తిరిగాను. మా వీధి చివర అపూర్వ వాళ్ళింట్లో రెండు, క్లైడ్ నార్త్‌లో శేషుకుమారి ఆంటీ దగ్గర ఆరు, టార్నీట్‌లో ఒక కుర్రాడి దగ్గర వాళ్ళ నాన్న పంపినవి మూడు, ఇంకా అక్కడక్కడా ఒక్కొక్కటి, మొత్తం పధ్నాలుగు పుస్తకాలు పోగయ్యాయి. శేషుకుమారి ఆంటీ ఊరికే ఇవ్వలేదు. "నేను పోయాక మా పిల్లలు ఎలాగూ పారేస్తారమ్మా, నువ్వు ముందు పారేశావు, అంతేగా" అని నవ్వి మరీ ఇచ్చింది. ఆ నవ్వుకి నాకు ఏడుపొచ్చింది. ఎక్కడికెళ్ళినా సంగతి చెప్పే అడిగాను. ఇంక దాచను.

అన్నయ్యకి ఒక ఉత్తరం కూడా పెట్టాను. చదివి వినిపిస్తావో లేదో నీ ఇష్టం. మా చిన్నప్పుడు రాజమండ్రిలో లాంచీ ఎక్కి కొవ్వూరు వెళ్ళినప్పుడు, అన్నయ్య మామిడి తాండ్ర లాగు వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటే లాగు బల్లకి అంటుకుపోయిన సంగతి. అందరూ దిగిపోయినా లేవలేకపోయాడు.

నేను రానా? ఒక్క మాట చెప్పు, బస్సెక్కుతాను.

ఉదయ


గంగాలిన్,
జూన్ 27

ఉదయా,

పుస్తకాలు అందాయి. ఒక్కొక్కటే ఆయన ఒళ్ళో పెట్టాను. మొదటిది తెరిచి, పేజీలు తిప్పి, అంచులు వేలితో తడిమి చూశారు. ఏదో వెతికారు. కనిపించలేదు. "ఇవి నావి కావు. ఎవరివో తెచ్చి పెట్టారు. దొంగతనం అంటారు" అని వణికిపోయారు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఇస్తే గోడకేసి కొట్టారు. భానుశ్రీ ఏరి బీరువాలో పెట్టింది.

ఆ పిల్లే నీ ఉత్తరం ఆయన చేతికిచ్చింది. నేను ఇవ్వలేదు, నిజం చెబుతున్నాను. పచ్చడి ప్యాకెట్ చదివిన గొంతుతో మొదలుపెట్టారట. తాండ్ర దగ్గరికి వచ్చేసరికి నవ్వారట. "ఆంటీ, అంకుల్ అంత గట్టిగ నవ్వంగ నేను ఫస్ట్ టైమ్ చూసిన" అంది. మర్నాడు నేను కూర్చుని విన్నాను. వంటింట్లోకి వినిపించే గొంతే ఉదయా. అదే గొంతు. పన్నెండు రోజులుగా రోజూ చదువుతున్నారు. కాగితం మడతల దగ్గర చిరిగిపోతోంది. అన్నం సరిగా తింటున్నారు. వార్డు మార్చే సంగతి ప్రస్తుతానికి ఆపారు.

కానీ ఒక చిక్కు ఉంది. చివరికి వచ్చి "నీ చెల్లెలు ఉదయ" అని ఉన్నచోట రోజూ ఆగిపోతున్నారు. "ఎవరు? నాకు చెల్లెలు లేదే. ఎవరు రాశారు ఇది?" అని కంగారు పడి, లేచి తలుపుల వైపు పరిగెత్తుతారు. "మీ చెల్లెలేనండీ, ఉదయ" అని నేను చెబితే ఇంకా భయం. నిన్న ఆ చివరి వరస కత్తిరించి ఇచ్చాను. ప్రశాంతంగా చదివి పడుకున్నారు.

కాబట్టి రాస్తూ ఉండు. వారానికి రెండు రాయి. అక్షరాలు పెద్దవిగా, వరసల మధ్య చోటు వదిలి. 'అన్నయ్యా' అనకు. ద్వారకానాథ్ గారికి అని రాయి, ఆ పేరు తనదని ఇంకా తెలుసు. కింద నీ పేరు పెట్టకు.

రావద్దు. నిన్ను చూసి "ఎవరు" అంటే నువ్వు తట్టుకోలేవు, ఆయనా తట్టుకోలేరు.

నిన్ను క్షమించానని రాయలేను. ఆయనకి చదవడానికి ఏదో ఒకటి కావాలి, అందుకని అడుగుతున్నాను.

లలిత


జూలై 6

ద్వారకానాథ్ గారికి,

రాజమండ్రిలో ఒక ఇంట్లో ఒక అబ్బాయి, ఒక పిల్ల ఉండేవారు. అబ్బాయికి పదమూడేళ్ళు. పిల్లకి ఐదేళ్ళు.

అబ్బాయి రోజూ లైబ్రరీకి వెళ్ళేవాడు. లైబ్రరీ ఆయన ఎవరికీ ఇవ్వని పెద్ద బొమ్మల పుస్తకం ఆ అబ్బాయిని నమ్మి ఇంటికి ఇచ్చాడు. అందులో ఓడల బొమ్మలు ఉండేవి. అబ్బాయి చేతులు కడుక్కుని గాని దాన్ని ముట్టుకునేవాడు కాదు.

ఒకరోజు అబ్బాయి బడికి వెళ్ళాడు. వాన వచ్చింది. వీధిలో నీళ్ళు పారాయి. పిల్ల ఆ పుస్తకం తీసి ఓడలున్న కాగితాలన్నీ చింపి, పడవలు చేసి నీళ్ళలో వదిలింది. కాగితం మీద ఓడలున్నాయి కదా, నిజంగా వెళ్తాయనుకుంది. తొమ్మిది పడవలు చేసింది. అన్నీ మునిగిపోయాయి.

సాయంత్రం నాన్నగారు పుస్తకం చూశారు. అబ్బాయిని అడిగారు. నాకు తెలియదు అన్నాడు. నాన్నగారు నమ్మలేదు. బెత్తం తీశారు. లైబ్రరీ ఆయన ఇంక ఆ అబ్బాయికి పుస్తకాలు ఇవ్వనన్నాడు. ఒక ఏడాది పాటు ఇవ్వలేదు. అబ్బాయి రోజూ సాయంత్రం లైబ్రరీ కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూసి వచ్చేవాడు.

ఎలుకలు కొట్టి ఉంటాయని అబ్బాయి అనుకున్నాడు. పెద్దయ్యాక కూడా ఎలుకలే అని అందరికీ నవ్వుతూ చెప్పేవాడు.

ఎలుకలు కాదండీ. తలుపు వెనక పిల్ల నిలబడి ఉంది. దెబ్బలు లెక్కపెడుతూ నిలబడింది, నోరు తెరవలేదు. పుస్తకం చింపింది ఆ పిల్లే. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆ అబ్బాయికి చెప్పలేదు.